వికీపీడియన్లు పుడతారా, తయారవుతారా?

పైసా తీసుకోకుండా ఏళ్ల తరబడి వికీపీడియాలో రాసేవాళ్లు అలా ఎలా తయారవుతారు? ఈ ప్రశ్నకు నాలుగేళ్ల తేడాతో రెండు పరిశోధక బృందాలు దాదాపు వ్యతిరేకమైన జవాబులు చెప్పాయి.

2005లో అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రయంట్, ఫోర్ట్, బ్రుక్‌మన్ చురుగ్గా రాసే తొమ్మిది మందిని ఇంటర్వ్యూ చేశారు. మొదట తమకు తెలిసిన విషయంలో ఏదో పొరపాటు కనిపిస్తే దిద్దేవాళ్లమని, పోనుపోను మొత్తం విజ్ఞానసర్వస్వం మంచిచెడ్డలు పట్టించుకోసాగామని వాళ్లు చెప్పారు. అంటే పనిలో దిగి తయారయ్యారన్నమాట. 2009లో మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన పన్సీరా, హాఫేకర్, టర్వీన్ ఎవరినీ అడగలేదు, దిద్దుబాట్ల చరిత్రను లెక్కగట్టారు. బాగా రాసేవాళ్లు ఖాతా తెరిచిన మొదటి రోజు నుంచే మిగతావాళ్లకంటే చాలా ఎక్కువ రాస్తున్నారని తేలింది. వికీపీడియన్లు పుడతారే తప్ప తయారవరని పేపర్‌కు శీర్షిక పెట్టారు.

ఎవరిది నిజం? నా దృష్టిలో ఇద్దరిదీ నిజమే, ఎందుకంటే వాళ్లు కొలిచింది ఒకటే కాదు. ఎంత రాశారో లెక్క చెబుతుంది. రాసే పనిని ఎలా చూస్తున్నారో, ఆ చూపు ఎప్పుడు మారిందో మనిషిని అడిగితేనే తెలుస్తుంది. రెండు పద్ధతులకూ కనిపించని చోట్లున్నాయి. ఇంటర్వ్యూలో దొరికేది నిలబడ్డవాళ్లే, విసిగి వెళ్లిపోయినవాళ్లు కాదు. ఖాతా తెరవకముందు నెలల తరబడి చదివిన కాలం, పేరు లేకుండా చేసిన దిద్దుబాట్లు ఆ ఖాతా లెక్కలోకి రావు.

సిద్ధాంతం కూడా చూపును ఒకవైపు తిప్పుతుంది. 2005 బృందం, మనుషులు పని ఎలా నేర్చుకుంటారో పరిశీలించిన లేవ్, వెంగర్‌ల 1991 నాటి ఆలోచనను ఆధారం చేసుకుంది. లైబీరియాలో దర్జీల దగ్గర పని నేర్చుకునేవాళ్లలాంటి ఉదాహరణలతో, కొత్తవాళ్లు అంచున చిన్న పనులతో మొదలై లోపలికి వస్తారని ఆ ఆలోచన చెబుతుంది. అది పట్టుకుని వెళితే మెల్లగా వచ్చే మార్పే ముందు కనబడుతుంది.

కారణం తెలియాలంటే ఈ రెండూ చాలవు, ప్రయోగం కావాలి. రెస్టివో, వాన్ డి రైట్ అనే పరిశోధకులు అత్యంత చురుకైన ఒక శాతం మందిలోంచి 200 మందిని తీసుకుని, యాదృచ్ఛికంగా ఎంచిన సగం మంది పేజీల్లో మెచ్చుకోలు పతకం పెట్టారు. వాళ్ల పని మిగతా సగం కంటే దాదాపు 60 శాతం పెరిగిందని 2012లో ప్రకటించారు. చిన్న మెచ్చుకోలుకు ఇంత బలముందని ఏ ఇంటర్వ్యూ ఇంత గట్టిగా చెప్పలేదు. కానీ ఆ మనుషులకు తాము ప్రయోగంలో ఉన్నామని తెలియదు. ఇది నన్ను ఇబ్బంది పెడుతుంది.

తెలుగు వికీపీడియాలోనూ పతకాలున్నాయి, చర్చలకు రచ్చబండ ఉంది. అక్కడి మాటలు ఎవరైనా చదవచ్చు. అయితే క్రమం తప్పకుండా రాసేవాళ్లు కొద్దిమందే కాబట్టి పరిశోధకులు వాళ్ల పేరు మార్చి రాసినా ఎవరో పోల్చుకుంటారు. మాటను యథాతథంగా ఎత్తిరాస్తే సెర్చ్‌లో ఇట్టే దొరుకుతుంది. ఇక్కడ పరిశోధన చేయదలచినవాళ్లు డేటా దించుకునేముందే తాము ఏం వెతుకుతున్నారో రచ్చబండలో చెప్పి, అభ్యంతరాలు వినాలి.