తుర్పాన్: వాన కురవని చోట ద్రాక్షతోటలు

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న పండుగనాడు పాయసంలోని ఆకుపచ్చ కిస్‌మిస్‌ను చూసి, ఇది ఎక్కడ పండుతుందని అడిగారు. మన అంగళ్లకు ఎక్కువగా మహారాష్ట్రలోని సాంగ్లీ వైపు నుంచే వస్తుంది. అయితే కిస్‌మిస్ పేరు ఎత్తగానే నాకు గుర్తుకు వచ్చేది చైనాలోని తుర్పాన్.

అట్లాసు తెరవండి. చైనా వాయవ్య మూలన షిన్‌జియాంగ్ అనే ప్రాంతం ఉంది. అందులో ఉరుంచీ నగరానికి ఆగ్నేయంగా సుమారు 180 కిలోమీటర్ల దూరాన తుర్పాన్ కనిపిస్తుంది. దానికి ఉత్తరాన ఉన్న త్యాన్‌షాన్ పర్వతాలలో బొగ్డా శిఖరం ఎత్తు 5,445 మీటర్లు. అక్కడికి సుమారు 150 కిలోమీటర్ల దూరంలోనే, సముద్రమట్టానికి 154 మీటర్ల దిగువన, ఐదింగ్ సరస్సు అడుగు ఉంది. సరస్సని పేరే గానీ, ఎక్కువ కాలం అక్కడ ఉండేది ఉప్పు పేరుకున్న నేలే.

కొండల నుంచి ఈ గుంటలోకి దిగే గాలి, దిగినకొద్దీ ఒత్తిడికి లోనై వేడెక్కుతుంది. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు వేడెక్కడం మీరు చూసిందే. పైన మబ్బు ఉండదు, కింద పచ్చదనం తక్కువ, చుట్టూ కొండలు. 2023 జూలై 16న తుర్పాన్ పరిధిలోని సాన్‌బావోలో 52.2 డిగ్రీలు నమోదైంది. రెంటచింతల ఎండల గురించి చెప్పుకునే మనకు కూడా అది ఊహకు అందదు. అదే ఊళ్లో జనవరి వచ్చేసరికి నీళ్లు గడ్డకడతాయి.

ఏడాది మొత్తానికి అక్కడ కురిసేది సుమారు 16 మిల్లీమీటర్లు, అంటే మన దగ్గర ఒక్క గట్టి జల్లులో పడేంత. మరి తోటలు ఎలా పండుతున్నాయి? త్యాన్‌షాన్ మీది మంచు కరిగి, కొండ పాదాల గులకరాళ్లలోకి ఇంకి, భూగర్భజలంగా మారుతుంది. ఆ నీటిని అందుకోవడానికి అక్కడి వారు కరేజ్‌లు తవ్వారు. కొండవైపు లోతైన బావి తీసి, ఊరివైపు నుంచి దాని అడుగు దాకా ఒక సొరంగం తవ్వుకుంటూ పోతారు. మట్టిని పైకి లాగడానికి, లోపల పనిచేసే వారికి గాలి ఆడడానికి దారి పొడవునా మరికొన్ని బావులు తీస్తారు. నేల వాలు కంటే సొరంగం వాలు తక్కువ కనుక, కొంత దూరం పోయాక నీరు తనంతట తానే నేలమీదికి వస్తుంది. ఏతం అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు. సొరంగంలో పారుతుంది కనుక ఎండకు ఆవిరైపోదు. ఈ విద్య పారశీకం (నేటి ఇరాన్) నుంచి వచ్చిందా, చైనాలోనే పుట్టిందా అన్న వాదన ఇంకా తెగలేదు. ఇలాంటిదే చూడాలంటే అంతదూరం పోనక్కర్లేదు: జహీరాబాద్ దాటితే వచ్చే బీదర్‌లో బహమనీ సుల్తానుల నాటి కరేజ్ ఉంది.

ఆ నీటితో పండిన గింజలేని ద్రాక్షను అక్కడి ఉయ్‌ఘుర్ రైతులు ఎండలో పరచరు. గోడల నిండా కన్నాలు వదిలి కట్టిన ఇటుక గదులలో గుత్తులను వేలాడదీస్తారు. వేడిగాలి ఆ కన్నాలగుండా వీస్తూ నెల, నెలన్నరలో వాటిని ఆరబెడుతుంది. నీడలో ఆరుతుంది గనుకనే ఆ ఆకుపచ్చ రంగు నిలుస్తుంది.

తుర్పాన్ నేలలో బొగ్గు, చమురు కూడా ఉన్నాయి. ఉరుంచీ దారిలోని దబాన్‌చెంగ్ కనుమలో గాలిమరలు కరెంటు తీస్తున్నాయి. ఆ ప్రాంతపు గాలి 2007 ఫిబ్రవరిలో తుర్పాన్ దగ్గర రైలుబోగీలను పట్టాల మీదనుంచి పడదోసింది కూడా.

ఒకప్పుడు వెయ్యికి పైగా ఉన్న కరేజ్‌లలో నేడు పారుతున్నవి కొన్ని వందలే. మోటారు బోర్లు వచ్చి నీటిమట్టం కిందికి పోయాక, ఆ మట్టానికి పైన ఉండిపోయిన సొరంగాలకు నీరు అందడం లేదు. బోరు వేసిన కొన్నాళ్లకే మన పాతబావి ఎందుకు ఎండిందని ఆ రోజు అడిగారు కదా, అక్కడ జరిగిందీ అదే.

ఇట్లు,
మీ తాతయ్య