కరెంటు పెట్టే డాక్టరు ఏం చదివారు?

మా గోదావరి లంకల్లో రేడియేషన్ అనే మాట ఎవరూ అనరు. "మీ మేనత్తకి రాజమండ్రిలో కరెంటు పెడుతున్నారంట కదా" అని అడుగుతారు. ఆ మాటతోనే సగం భయం పుడుతుంది, ఒళ్లు కాలిపోతుందేమోనని. అత్తయ్యది అంగిలి క్యాన్సర్. లంక పొగాకు చుట్టని నిప్పు లోపలికి పెట్టి ఏళ్ల తరబడి కాల్చింది. ఆపరేషన్ అయ్యాక రోజుకి 2 గ్రే చొప్పున 30 సిట్టింగులు రాశారు, మొత్తం 60 గ్రే. గ్రే అంటే ఒంట్లోకి దిగిన కిరణాల మోతాదుకి కొలత. అంత మోతాదూ కిలో నీళ్లకి ఒక్కసారే ఇచ్చినా, ఆ నీళ్లు డిగ్రీలో యాభయ్యో వంతు కూడా వేడెక్కవు. కిరణాలు కణం లోపలి డీఎన్ఏ పోగుల్ని తెంపుతాయి. వాటి బలమంతా అక్కడే.

ఆ బలాన్ని కొలిచి వాడడం నేర్చినవారే రేడియేషన్ ఆంకాలజిస్టు. స్కానింగు చూసి రిపోర్టు రాసే రేడియాలజిస్టు వేరు. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, హౌస్ సర్జన్సీ ఏడాది, ఆపైన ఎండీ మూడేళ్లు. ఎండీలో ఇంటర్‌తో వదిలేసిన ఫిజిక్స్ పుస్తకం మళ్లీ తెరవాలి. పాత రకం మిషన్లలో కిరణాలిచ్చే లోహం కోబాల్ట్-60. దాని బలం 5.27 ఏళ్లకి సగమవుతుంది కాబట్టి, పాతబడిన కొద్దీ అదే మోతాదుకి ఎక్కువసేపు పెట్టాలి. లీనియర్ యాక్సిలరేటర్ అనే కరెంటు మిషన్ అయితే ఎలక్ట్రాన్లని వేగంగా తోలి టంగ్‌స్టన్‌కి కొట్టించి ఎక్స్-కిరణాలు పుట్టిస్తుంది. స్విచ్ కట్టేస్తే కిరణాలూ ఆగిపోతాయి, ఒంట్లో ఏమీ మిగలదు. ఈ సంగతి చెప్పాకే అత్తయ్య మనవణ్ణి మళ్లీ ఎత్తుకుంది.

ముప్పై సార్లు ఎందుకంటే, ధవళేశ్వరం నుంచి కాలవకి నీళ్లు వదిలే లెక్క తెలిసిన రైతుకి వేరే చెప్పక్కర్లేదు. ఒక్కసారే వదిలితే చేను మునుగుతుంది. వంతుకీ వంతుకీ మధ్య మంచి కణం తెగిన పోగుల్ని అతుక్కుంటుంది. క్యాన్సర్ కణానికి ఆ నేర్పు తక్కువ.

డాక్టరు గారి అసలు చదువు నాకు కంప్యూటర్ ముందు కనిపించింది. సీటీ స్కాన్‌లో అత్తయ్య తల మూడేసి మిల్లీమీటర్ల పొరలుగా ఉంది. ప్రతి పొర మీదా మౌస్‌తో గట్టు గీస్తున్నారు. కిరణం ఎక్కడ పడాలో ఒక గీత, ఎక్కడ తగ్గాలో ఒక గీత. చెవి కింది లాలాజల గ్రంథికి సగటు మోతాదు 26 గ్రే దాటకూడదట. దాటితే నోరెండిపోయి, పులుసు కలిపినా ముద్ద దిగదు. ఆ ఒక్క గ్రంథి చుట్టూ గీతని ఆవిడ మూడుసార్లు చెరిపి గీశారు. దాన్ని బట్టి కిరణాల కోణాలు లెక్కగట్టేది మెడికల్ ఫిజిసిస్టు.

తర్వాత డాక్టరు గారు అత్తయ్యని అడిగిన మొదటి ప్రశ్న, "అమ్మా, వరదొస్తే మీకు పంటు నడుస్తుందా?" పంటు అంటే మేం గోదావరి దాటే పడవ.

"నడవదండి బాబూ."

మధ్యలో రోజులు పోతే మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్లీ పెరుగుతాయి. అందుకని వరద రోజులకి రాజమండ్రిలోనే ఎవరింట్లోనైనా ఉండమన్నారు. అయినా ఒక రోజు తప్పింది. ఆ వారంలోనే ఒకనాడు రెండుసార్లు పెట్టారు, పొద్దున ఒకటి, ఆరు గంటలు గడిచాక ఇంకొకటి.