కారులోకి వచ్చిన వాన ఎటు పోవాలి?

చిరంజీవులు అమ్మలుకీ, చిన్నాకీ, తాతయ్య ఆశీస్సులు.

మీరు పంపిన ఫొటో చూశాను. ముందు సీట్లో కాళ్లు పెట్టుకునే చోట కార్పెట్ నల్లగా నానిపోయి ఉంది. "డోర్ రబ్బరు పోయినట్టుంది తాతయ్యా, మార్చేద్దామా?" అని అడిగారు. తొందరపడకండి. పాత కారులో నీళ్లు కనబడగానే ఎవరి చెయ్యైనా ముందు డోర్ రబ్బరు మీదకే పోతుంది. నేనూ ఒకప్పుడు అలాగే నాలుగు తలుపులకీ కొత్త రబ్బర్లు వేయించి, ఆ తర్వాతి వానకే మళ్లీ కార్పెట్ పిండుకున్నాను.

కారు అంటే నీటిచుక్క దూరని డబ్బా అని మీరనుకుంటున్నారు. కాదు. తయారుచేసినవాళ్లే వాన నీళ్లని కొంతదూరం లోపలికి రానిస్తారు. వచ్చిన నీళ్లు బయటికి పోవడానికి దారి కూడా వాళ్లే వేస్తారు. ఆ దారే డ్రెయిన్ పైపు. వేలెడు లావుండే నల్ల రబ్బరు గొట్టం, అంతే. ఏళ్ల తరబడి కారు నడిపినవాళ్లు కూడా చాలామంది దాన్ని ఒక్కసారైనా చూసి ఉండరు.

బానెట్ ఎత్తి, వైపర్ల దగ్గర చూడండి. ముందు అద్దం కింద సన్నటి చీలికలున్న గ్రిల్ ఉంటుంది. కారులోపలికి బయటి గాలి వచ్చేది అక్కణ్నుంచే. గాలికి తెరిచిన దారి వానకీ తెరిచినట్టే కదా. అందుకని గ్రిల్ కింద రేకుతో ఒక తొట్టి కట్టారు. గాలి ఆ తొట్టిలోంచి పక్కకు తిరిగి హీటర్ వైపు పోతుంది. నీరు పల్లమెరుగు కాబట్టి అడుక్కి దిగి, అక్కడున్న గొట్టంలోంచి కారు కిందికి పోతుంది. హీటర్‌కి గాలి వెళ్లే రంధ్రం చుట్టూ కొంచెం ఎత్తుగా అంచు ఉంటుంది. తొట్టిలో నీటిమట్టం ఆ అంచు దాటనంతవరకు మీ కాళ్లు పొడిగానే ఉంటాయి. గొట్టంలో ఆకులూ మట్టీ ఇరుక్కున్నాయంటే తొట్టి నిండుతుంది, అంచు దాటుతుంది, నీళ్లు హీటర్ మీదుగా నేరుగా కార్పెట్ మీదకి వస్తాయి.

ఎన్ని నీళ్లో ఒక లెక్క చెప్తాను. ఒక చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా 1 లీటరు. పైనుంచి చూసినప్పుడు ముందు అద్దం అర చదరపు మీటరు చోటు తీసుకుంటుందనుకుందాం. గంటకి 50 మిల్లీమీటర్ల లెక్కన జోరువాన పడితే, ఆ అద్దం మీంచి గంటకి 25 లీటర్లు కిందికి జారతాయి. అందులో చాలా భాగం ఆ గ్రిల్ దగ్గరికే చేరుతుంది. గొట్టం పూర్తిగా మూసుకుపోయిన కారులో ఒక్క రాత్రి వాన చాలు.

ఇంకో చిక్కు ఉంది. కొన్ని కార్లలో ఈ గొట్టం ఇంజన్ వైపు కాకుండా కారు లోపలి నుంచే దిగుతుంది. 1962 నుంచి 1980 దాకా తయారైన ఎమ్‌జీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు అలాంటిదే. అందులో తొట్టి గొట్టం డ్యాష్‌బోర్డు వెనక నుంచి దిగి, గేర్‌బాక్స్ మీది రేకులో ఉన్న రంధ్రంలోంచి బయటికి పోతుంది. అలాంటి కార్లలో గొట్టం మూసుకుపోనక్కర్లేదు, పగిలినా ఊడినా నీళ్లు లోపలే. కాబట్టి మొదటి పని గొట్టం మార్చడం కాదు. అది ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో కనిపెట్టడం. మీ కారు వర్క్‌షాప్ మాన్యువల్‌లో బాడీ బొమ్మలు చూడండి. అక్కడ దొరక్కపోతే టార్చిలైటే దిక్కు.

ఆగండి, అంతకంటే ముందు ఆ నీళ్లేమిటో తేల్చాలి. తెల్లటి టిష్యూ కాగితం తడిచోట అద్ది చూడండి. వాన నీరైతే రంగుండదు, మట్టి మరక మాత్రమే. వేళ్ల మధ్య జిడ్డుగా తగిలి, ఆకుపచ్చగానో నీలంగానో ఉండి, తియ్యటి వాసన వేస్తే అది రేడియేటర్ కూలెంట్, ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం. హీటర్‌లోంచి కూడా అదే తిరుగుతుంది. అంటే హీటర్ కారుతోందన్నమాట, అది వేరే జబ్బు, వేరే వైద్యం. నాలుకతో మాత్రం చచ్చినా చూడొద్దు. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. మీ స్నేహితుడి పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కి ఈ అనుమానమే అక్కర్లేదు. దానికి రేడియేటరే లేదు, గాలితో చల్లబడే ఇంజన్ అది.

ఇక పరీక్ష. కారుని చదునైన చోట నిలపండి. ఒకరు చిన్న గ్లాసుతో గ్రిల్‌లో నెమ్మదిగా నీళ్లు పోయాలి, ఇంకొకరు పక్కన కూర్చుని కిందికి తొంగిచూడాలి. పైపుతో ధారగా కొట్టొద్దు. ధార కొడితే అన్ని వైపులా చిమ్మి, ఏది ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియకుండా పోతుంది. ఒక గ్లాసు పోశాక కాసేపటికి కారు కింద సన్నటి ధార కనబడితే గొట్టం బాగానే ఉన్నట్టు. బొట్లు బొట్లుగా పడితే సగం మూసుకుపోయింది. ఏమీ పడకపోతే ఆపేయండి, రెండో గ్లాసు పోయకండి.

కారు కింద దూరాల్సి వస్తే నాన్న పక్కన ఉండాలి, కింద స్టాండులు ఉండాలి. జాకీ ఎత్తడానికే. దాని మీద నిలబెట్టిన కారు కింద తల పెట్టకూడదు. ఇందులో బేరాల్లేవు.

మూసుకుపోయిన గొట్టమైతే మార్చకుండానే బాగుపడొచ్చు. తొట్టిలోని ఆకుల్ని చేత్తో తీసి, గడ్డి కోసే మెషీన్‌లో వాడే నైలాన్ తీగ ముక్కని కింది నుంచి మెల్లగా పైకి తోయండి. ఇనుపతీగ వద్దు, ముదిరిన రబ్బరుని పొడిచేస్తుంది. కంప్రెసర్‌తో గాలి కొట్టడం అసలొద్దు. నేను కొట్టాను. ఠప్‌మని శబ్దం వచ్చింది, దారి తెరుచుకుందని సంబరపడ్డాను. తీరా చూస్తే గొట్టం లోపలెక్కడో, తొట్టి అడుగున దాన్ని తొడిగే ముక్కు నుంచి ఊడింది. గోటితో పోయేదానికి గొడ్డలి వాడితే ఇంతే. దాన్ని మళ్లీ తగిలించడానికి డ్యాష్‌బోర్డు సగం విప్పాల్సి వచ్చింది, రెండు రోజులు పట్టింది.

మీ కారు వయసు చూస్తే మార్చడమే మంచిదనిపిస్తోంది. పాత గొట్టాన్ని వేళ్లతో నొక్కండి. మెత్తగా తిరిగి లేస్తే బతికున్నట్టు. గట్టిగా గాజు పట్టుకున్నట్టుంటే, వంచితే సన్నటి పగుళ్లు కనిపిస్తే, దాని పని అయిపోయింది. కొలత తీసేటప్పుడు పాత గొట్టాన్ని నమ్మకండి, అది కుంచించుకుపోయి ఉండొచ్చు. గొట్టం తొడిగే ముక్కుని వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి, ఆ బయటి కొలత కంటే ఒక పిసరు తక్కువ లోపలి వ్యాసం ఉన్నది తీసుకోండి, బిగుతుగా కూర్చోవాలి. అలాగని మరీ సన్నది వేయకండి. లోపలి వ్యాసం సగమైతే నీళ్లు పోయే చోటు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది.

రబ్బరులో రకాలున్నాయి. ఈ పనికి ఈపీడీఎం రబ్బరు మేలు. ఎండకీ, వేడికీ, గాలిలోని ఓజోన్‌కీ తట్టుకుంటుంది, కారు తలుపుల రబ్బర్లు కూడా చాలావరకు దానివే. దాని బలహీనత నూనె. ఇంజన్ ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. కాబట్టి గొట్టం చివర ఆయిల్ కారే చోటికి దగ్గరైతే ముందు ఆ ఆయిల్ కారడం ఆపండి. షాపులో చాలామంది కొనేది పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ పైపు, చవక కదా. అది వంచినచోట మడతపడుతుంది, కొన్నాళ్లకి గట్టిపడుతుంది, వెలుతురు తగిలితే లోపల పాచి పడుతుంది. నాకైతే నచ్చదు.

పాతదాన్ని లాగేముందు దాని పై చివరకి గట్టి దారం కట్టండి. ఇది మర్చిపోతే ఏడుస్తారు. గొట్టం కింది నుంచి బయటికి వచ్చేటప్పుడు దారం కూడా దాని వెంటే దారి పొడవునా పరుచుకుంటుంది. ఆ దారం కింది చివరకి కొత్త గొట్టం కట్టి, పై నుంచి లాగితే అదే దారిలో ఎక్కుతుంది. ఎక్కడైనా పట్టేస్తే సబ్బునీళ్లు రాయండి. నూనె, గ్రీజు వద్దు, ఎందుకో పైన చెప్పాను.

ఇప్పుడు అసలు సంగతి. కొత్త గొట్టం కొని, బిగించి, అయినా కార్పెట్ తడుపుకునేవాళ్లు తప్పు చేసేది దారి దగ్గరే. పై నుంచి కింది వరకు ప్రతి అంగుళమూ పల్లానికే పోవాలి. మధ్యలో ఎక్కడా ఉయ్యాలలా వేలాడకూడదు. వేలాడిన చోట నీళ్లు నిలుస్తాయి, నీళ్లతో వచ్చిన మట్టి అక్కడే కూర్చుంటుంది, కొన్నాళ్లకి అదే బిరడా. గొట్టం అవసరం కంటే పొడుగ్గా ఉంటే చుట్టి దాచకండి, కోసేయండి. మలుపు తిరిగే చోట చేత్తో తడిమి చూడండి. గుండ్రంగా ఉందా, నొక్కుకుపోయి చదునైందా? చదునైతే మలుపు ఇంకా విశాలంగా తీసుకోవాలి. క్లిప్పులు గొట్టాన్ని పట్టుకోవాలి గానీ పిసకకూడదు. పెడల్స్‌కీ, స్టీరింగ్ రాడ్‌కీ, వైపర్ మోటారు చేతులకీ దూరంగా కట్టండి. ఇంజన్ వైపు దిగేదైతే సైలెన్సర్ పైపుకి ఆమడ దూరంలో ఉండాలి. అక్కడి వేడికి ఏ రబ్బరూ ఎక్కువకాలం నిలవదు.

రేకులోంచి గొట్టం బయటికి వచ్చే రంధ్రం దగ్గర గ్రోమెట్ అనే రబ్బరు కంకణం ఉండాలి. లేకపోతే రేకు అంచు గొట్టాన్ని రోజుకింత కోస్తుంది. గ్రోమెట్ పెట్టేముందు ఆ అంచుకి తుప్పు ఉంటే గీకి, రెండు పూతలు పెయింట్ వేసి ఆరనివ్వండి. రేకు అంచులు చేతులు కోస్తాయి, గ్లవ్స్ వేసుకోండి.

గొట్టం చివర గురించి ఎవరూ పట్టించుకోరు, నేను మాత్రం రెండు మాటలు ఎక్కువే చెప్తాను. చివర రేకు కంటే కనీసం ఒకటి రెండు సెంటీమీటర్లు కిందికి పొడుచుకుని రావాలి. రేకుతో సమానంగా కోస్తే నీటిబొట్టు కింద పడకుండా రేకు లోపలి అంచుకి అంటుకుని, డబ్బాలా మూసి ఉన్న చోట్లలోకి పాకుతుంది. అక్కడ తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది, బయట పెయింట్ బుడగ లేచేదాకా మీకు తెలియదు. చివరని ఏటవాలుగా కోసి, కోసిన నోరు కారు వెనక వైపు చూసేలా తిప్పండి. ముందుకి తిప్పితే కారు వేగంగా పోతున్నప్పుడు గాలి ఆ నోట్లోకి దూరి నీళ్లని పైకి తోస్తుంది. ఆగిన కారులో అన్నీ బాగుంటాయి, వానలో ప్రయాణిస్తే మాత్రం కాళ్లు తడుస్తాయి. దీన్ని కనిపెట్టడానికి నాకు ఒక వానాకాలం మొత్తం పట్టింది!

కొన్ని కార్లలో గొట్టం చివర బాతు ముక్కులా నొక్కినట్టుంటుంది. పాడైపోయిందనుకుని కోసేయకండి. నీళ్ల బరువుకి తెరుచుకుని, మిగతా సమయమంతా మూసుకునే కవాటం అది. పొగ, దుమ్ము, పురుగులు పైకి రాకుండా ఆపుతుంది. అప్పుడప్పుడు రెండు వేళ్లతో నొక్కి లోపలి మట్టి రాల్చాలి, అంతే. నా కారుకి నాకంటే ముందు ఎవరో మెకానిక్ ఆ బాతు ముక్కు నిండా సీలెంట్, అంటే సందులు పూడ్చే జిగురు, కూరేశాడు, కింది నుంచి నీళ్లు వస్తున్నాయనుకుని కాబోలు. మీ కారులోనూ అలాంటి పుణ్యాత్ముడి చేతిపని ఉందేమో చూసుకోండి.

అంతా అయ్యాక మళ్లీ గ్లాసు పరీక్ష. ఈసారి ఒకటి తర్వాత ఒకటి నాలుగైదు గ్లాసులు. ముందు చక్రాలు ఎత్తున ఉండేలా ఒకసారి, కారు పక్కకి వాలి ఉండేలా ఒకసారి చూడండి. వాన పడేటప్పుడు కారు ఎప్పుడూ చదునుగానే ఉండదు కదా.

కార్పెట్ మాత్రం పైపైన తుడిచి వదిలేయొద్దు. దాని కింద ఉండే మందపాటి పొర స్పాంజిలా నీళ్లు పట్టి ఉంచుతుంది, పైన పొడిగా ఉన్నా కింద నేలరేకు నానుతూనే ఉంటుంది. రెండూ బయటికి తీసి ఎండబెట్టి, రేకు మీద తుప్పు ఎక్కడిదాకా వచ్చిందో ఫొటో తీసి పంపండి. పాత గొట్టం కూడా పారేయకుండా ఉంచండి. దాన్ని నిలువునా కోసి చూడాలని ఉంది, లోపల ఏముందో.

మీ తాతయ్య

తా.క. సన్‌రూఫ్ ఉన్న కారు గురించి కూడా అడిగారు. దాని కథా ఇదే. సన్‌రూఫ్ చుట్టూ రబ్బరు ఉన్నా అది నీళ్లని పూర్తిగా ఆపదు. దాని కింద ఒక తొట్టి, సాధారణంగా నాలుగు మూలలా నాలుగు గొట్టాలు ఉంటాయి. ముందువి రెండూ ముందు అద్దం పక్క స్తంభాల్లోంచి, వెనకవి వెనక స్తంభాల్లోంచి దిగుతాయి. ఒక్కో మూలలో పావు గ్లాసు పోసి, ఏ చక్రం దగ్గర ఏ గొట్టం తేలిందో కాగితం మీద గీసుకోండి. నాలుగింటిలో ఒకటి తేలకపోతే, పైకప్పు లోపలి గుడ్డ ఊడదీసే పని నేను వచ్చేదాకా ఆపండి.