కొండెక్కబోయే మనవలకు

పిల్లలూ,

వచ్చే ఆదివారం కొండెక్కుతున్నారటగా! పొద్దున్నే బయల్దేరి సాయంత్రానికి దిగొచ్చేస్తారని, శిఖరం 3,500 మీటర్లని మీ అమ్మ చెప్పింది. సంతోషమూ వేసింది, కాస్త బెంగా పట్టుకుంది. మీ కాళ్ల గురించి కాదు, గాలి గురించి.

పైన ఆక్సిజన్ తక్కువని అందరూ అంటారు. అది సగం నిజమే. కిందైనా పైనైనా గాలిలో ఆక్సిజన్ వందకి 21 పాళ్లే. తగ్గేది గాలి ఒత్తిడి. దూది బస్తాలు ఒకదాని మీద ఒకటి పేర్చారనుకోండి. అడుగు బస్తాలో దూది అణిగి దట్టంగా ఉంటుంది, పై బస్తాలో వదులుగా ఉంటుంది. పైనుంచి గుప్పెడు తీస్తే చేతికి వచ్చేది కాస్తే. మీరెక్కే ఎత్తులో ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదాంట్లో మూడింట రెండు వంతులకు దిగిపోతుంది. గుండెల నిండా పీల్చినా దక్కేది తక్కువే.

దీన్ని రుజువు చేసిందీ ఒక్కరోజు కొండెక్కినవాళ్లే. 1648 సెప్టెంబర్ 19న ఫ్రాన్సులో ఫ్లోరాఁ పెరియే అనే ఆయన, బావమరిది, శాస్త్రవేత్త బ్లెయిజ్ పాస్కల్ అడిగాడని, గాలి ఒత్తిడి కొలిచే పాదరసం గొట్టం పట్టుకుని ప్యుయి ద డోమ్ అనే కొండెక్కాడు. కింద మఠం తోటలో ఇంకో గొట్టం పెట్టి, దాన్ని చూస్తూ ఉండమని ఒక సన్యాసికి అప్పగించాడు. కింద గొట్టంలో పాదరసం రోజంతా కదల్లేదు. కొండమీద మాత్రం ఎనిమిది సెంటీమీటర్లకు పైగా పడిపోయింది. బావమరిది మాట మీద అంత బరువు మోసుకెళ్లిన ఆ మనిషంటే నాకు భలే ఇష్టం.

పైకి వెళ్లేకొద్దీ ఊపిరి, గుండె వేగం పెంచుకుని ఆ లోటు పూడ్చుకోవాలని చూస్తాయి. ఆయాసం వచ్చిందని కంగారు పడకండి. అయితే ఒళ్లు ఎత్తుకు సరిగ్గా అలవాటు పడాలంటే రోజులు కావాలి, మీకున్నది ఒక్క పూట. అందుకే మెల్లగా నడవండి. కబుర్లు చెప్పుకుంటూ నడవగలిగితే అదే సరైన నడక. మాట మధ్యలో తెగిపోతుంటే వేగం తగ్గించండి. నీళ్లు తాగడం, టోపీ, వెయ్యి మీటర్లకు ఆరేడు డిగ్రీల చలి పెరగడం, ఇవన్నీ మీకు తెలిసినవే.

తెలియాల్సింది తలనొప్పి సంగతి. 2,500 మీటర్లు దాటాక తలనొప్పి వచ్చి, దానికి వికారమో, నీరసమో, కళ్లు తిరగడమో తోడైతే అది ఎత్తు చేసిన పనే అనుకోండి. బలంగా ఉన్నవాళ్లకి రాదనేం లేదు. ఒక్కోసారి ఎక్కిన కొన్ని గంటలకి, దిగేటప్పుడు కూడా మొదలవుతుంది.

నాకు ఇరవై ఏళ్లప్పుడు ఇలాగే తల పగిలిపోతున్నా ఎవరికీ చెప్పలేదు. శిఖరం ఎదురుగా కనిపిస్తోంది మరి! దారిలో షూ లేసు ఊడింది. రెండు కొసలూ చేతుల్లోనే ఉన్నాయి, ఏది దేని మీదుగా తిప్పాలో తోచలేదు. అలా చూస్తూ కూర్చున్నాను. నా స్నేహితురాలు వంగి తనే ముడి వేసి, "పద, దిగుదాం" అంది. దారంతా దాంతో పోట్లాడుతూనే దిగాను. నాలుగొందల మీటర్లు కిందికొచ్చేసరికి తల తేలికపడింది, ఆకలి కూడా వేసింది. అప్పుడు నోరు మూసుకున్నాను.

కాబట్టి తల నొప్పిగా ఉంటే చెప్పేయండి, అక్కడే ఆగండి. తగ్గకపోతే దిగండి. మాత్ర వేసుకుని పైకి మాత్రం వెళ్లొద్దు. ఎవరైనా తాగినవాళ్లలా తూలుతున్నా, తికమకగా మాట్లాడుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకుండా దగ్గుతున్నా క్షణం ఆలస్యం చేయకుండా కిందికి తీసుకురండి. ఒంటరిగా పంపకండి. మెదడులోనో ఊపిరితిత్తుల్లోనో నీరు చేరుతోందని దానర్థం, ప్రాణం మీదికి వస్తుంది.

ఎన్నింటికి వెనక్కి తిరగాలో ఇంట్లోనే అనుకుని బయల్దేరండి. పైకెళ్లాక మీ లెక్కలు మీకే సరిగ్గా తోచవు. లేసులు మాత్రం రెండేసి ముళ్లు వేసుకోండి. దిగగానే ఫోన్ చేయండి.

మీ అమ్మమ్మ