హార్డ్ డిస్క్ మొండికేస్తే: ముందు కాపీ, తర్వాతే పరీక్ష

ఫోల్డర్ మీద క్లిక్ చేస్తే పైన ఆకుపచ్చ గీత నత్తలా పాకుతుంది. సిస్టమ్ ఉన్నట్టుండి బిగుసుకుపోయి, అర నిమిషం తర్వాత ఏమీ ఎరగనట్టు మళ్లీ కదులుతుంది. ఎవరినడిగినా ఒకటే మాట: ‘‘వైరస్ పట్టుంటుంది, ఓసారి ఫార్మాట్ కొట్టించు.’’ నిజంగా వైరసే అయితే ఆ సలహాతో పెద్ద నష్టం లేదు. పోతున్నది డిస్కే అయితే మాత్రం అంతకన్నా చెడ్డ సలహా ఉండదు. ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ ఎక్కించడమంటే కొనఊపిరితో ఉన్న డిస్కు మీద ఇరవై ముప్పై గిగాబైట్లు కొత్తగా రాయడం. అదీ పాత ఫైళ్లు ఉన్న చోటనే.

డిస్కు పోతోందా లేదా అని తేల్చే దాదాపు ప్రతి పరీక్షా ఆ డిస్కుతోనే పని చేయిస్తుంది. పోయే డిస్కు ఇంకా ఎన్నిసార్లు చదివి ఇస్తుందో లెక్క తెలియదు. ఉన్న కాస్త ఓపికనీ పరీక్షలకు ఖర్చు పెట్టాలా, మన ఫైళ్లకు పెట్టాలా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఆ అర నిమిషంలో లోపల ఏం జరుగుతుందో చూద్దాం. డెస్క్‌టాప్‌లో వాడే 3.5 అంగుళాల డిస్కు పళ్లెం సాధారణంగా నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతుంది. అంటే అంచు దగ్గర వేగం గంటకు సుమారు 125 కిలోమీటర్లు. చదివే హెడ్ ఆ పళ్లేన్ని తాకదు, గాలి పొర మీద కొన్ని నానోమీటర్ల ఎత్తున తేలుతుంది. మన తల వెంట్రుక మందం దాదాపు 80,000 నానోమీటర్లు. సమాచారం సెక్టార్లనే చిన్న గదుల్లో ఉంటుంది. ఇప్పటి డిస్కుల్లో ఒక్కో సెక్టార్ 4,096 బైట్లు, దాని వెంట తప్పులు దిద్దుకోవడానికి కొన్ని అదనపు బిట్లు. ఒక సెక్టార్ సరిగా రాకపోతే డిస్కు వెంటనే చేతులెత్తేయదు. హెడ్‌ను వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి మళ్లీ చదువుతుంది. ప్రతి ప్రయత్నానికీ పళ్లెం ఒక చుట్టు తిరిగి రావాలి, దానికి 8.3 మిల్లీసెకన్లు. ఇంట్లో వాడే డిస్కులు ఒక్క సెక్టార్ కోసం పదుల సెకన్ల పాటు ఇలా పట్టువదలవు. అంతసేపూ విండోస్ చేతులు కట్టుకుని నిలబడుతుంది. (సర్వర్ల కోసం చేసిన డిస్కులు 7 సెకన్లకే వదిలేసేలా పెడతారు. పక్క డిస్కులో నకలు ఉంటుంది కాబట్టి వాటికి ఆ మొండితనం అక్కర్లేదు.)

నెమ్మదించిన ప్రతి డిస్కూ చావుకి దగ్గరపడిందని కాదు. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం చూపిస్తే చాలామంది కంగారు పడతారు. ఆ అంకె డిస్కు ఖాళీగా లేదని చెబుతుంది, అంతే. అప్‌డేట్ నడుస్తున్నా అలాగే ఉంటుంది. దాని పక్కనే ఉండే సగటు స్పందన సమయం చూడండి. ఆరోగ్యంగా ఉన్న డిస్కు మామూలు పనిలో పది ఇరవై మిల్లీసెకన్లలో జవాబిస్తుంది, పని ఎక్కువైతే వందల్లోకి వెళ్తుంది. చిన్న పనికే వేలల్లోకి పోయి నిలబడితే అనుమానించాలి. షింగిల్డ్ రకం డిస్కులు మరో తిరకాసు. పెంకుటింటి కప్పులా ట్రాకుల్ని ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కించి రాస్తాయి గనుక, పెద్ద ఫైళ్లు ఎడతెగకుండా రాస్తే వాటి వేగం ఘోరంగా పడిపోతుంది. అది జబ్బు కాదు, పుట్టుక.

చప్పుడు మాత్రం అబద్ధం చెప్పడం తక్కువ. ఖాళీగా ఉన్నప్పుడు అడపాదడపా ఒక్క ‘టిక్’ వినిపిస్తే హెడ్ తన గూట్లోకి వెళ్లిందన్నమాట, భయం లేదు. లెక్కపెట్టినట్టు ‘టక్... టక్... టక్’ మంటూ ఉంటే పళ్లెం మీది దారి గుర్తులు హెడ్‌కు కనిపించడం లేదు. వెనక్కి లాక్కోవడం, మళ్లీ వెతకడం, మళ్లీ వెనక్కి. సన్నగా బీప్ మంటుంటే మోటారు తిరగలేకపోతోంది, చాలాసార్లు హెడ్‌లు పళ్లేనికి అతుక్కుపోయి ఉంటాయి. గీకుతున్న శబ్దం వస్తే ఇంకేమీ చూడకుండా కరెంటు తీసేయాలి. ఆ శబ్దం వినిపించే ప్రతి సెకనుకూ పళ్లెం మీది పూత, దానితో పాటు సమాచారం, పొడిగా రాలుతుంటాయి.

ఇక్కడొక మినహాయింపు చెప్పాలి. జేబులో పట్టే 2.5 అంగుళాల యూఎస్‌బీ డిస్కు టక్ టక్ మంటే ముందు కేబుల్ మార్చండి. మోటారు తిరగడం మొదలుపెట్టేటప్పుడు అలాంటి డిస్కు ఒక ఆంపియర్ దాకా లాగుతుంది. పాత యూఎస్‌బీ 2 పోర్టు ఇస్తానని ఒప్పుకున్నది 500 మిల్లీఆంపియర్లు, యూఎస్‌బీ 3 అయితే 900. క్యాబినెట్ ముందువైపు పోర్టు, పొడవాటి కేబుల్, మధ్యలో హబ్ ఉంటే కరెంటు చాలక డిస్కు లేవలేక పడుతుంది. పొట్టి కేబుల్‌తో వెనకవైపు పోర్టుకు నేరుగా పెట్టి ఒక్కసారి చూడండి. అప్పటికీ అదే చప్పుడు వస్తే ఇంట్లో చేయగలిగింది ఇంకేమీ లేదు.

చప్పుడు మామూలుగానే ఉంటే డిస్కు తన గురించి తాను రాసుకున్న చిట్టా చదవాలి. దాని పేరు స్మార్ట్. దీన్ని చదవడానికి డిస్కుతో పని చేయించనక్కర్లేదు, సెకనులో అయిపోతుంది. అందుకే ఫైళ్లు కాపీ చేయకముందే నిర్భయంగా చేయగల పరీక్ష ఇదొక్కటే. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో, లినక్స్‌లో స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే ప్రోగ్రాములు చాలు, రెండూ ఉచితం. పైన రంగుడబ్బాలో ‘గుడ్’ అని చూసి మూసేయకండి, అసలు సంగతి కింది వరుసల్లో ఉంటుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ఆ అంకెల్ని మామూలుగా పదహారు ఆధారపు లెక్కలో చూపిస్తుంది. అక్కడ 10 అంటే మన లెక్కలో 16. సెట్టింగుల్లో దాన్ని దశాంశానికి మార్చుకోండి.

చూడాల్సినవి మూడు నాలుగే. 5వ నంబరు, పాడైనందువల్ల వేరే చోటికి మార్చిన సెక్టార్ల లెక్క. 197, చదవలేక ఇంకా ఏమీ తేల్చకుండా వాయిదాలో పెట్టినవి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ఇది సీ5గా కనిపిస్తుంది. 198, డిస్కు తనంతట తాను చూసుకుంటున్నప్పుడు చదవలేకపోయినవి. 187, కంప్యూటర్ అడిగితే ఇవ్వలేకపోయిన సందర్భాలు. ఈ నాలుగూ సున్నా ఉండాలి. 5వ నంబరులో 8 ఉండి ఏడాదిగా కదలకపోతే ఆ డిస్కుతో కాపురం చేయవచ్చు. సోమవారం 8, గురువారం 40 అయితే దుకాణం కట్టేస్తున్నట్టే. కాబట్టి చూసిన ప్రతిసారీ తేదీ వేసి అంకెలు రాసి పెట్టుకోండి.

197 గురించి రెండు ముక్కలు ఎక్కువ చెప్పాలి. డిస్కు ఒక సెక్టార్ రాస్తుండగా కరెంటు పోతే ఆ సెక్టార్ సగం రాసి ఆగిపోవచ్చు. తర్వాత చదివితే లెక్క సరిపోదు, వాయిదాలో పడుతుంది. పళ్లెం మాత్రం శుభ్రంగానే ఉంటుంది. ఎండాకాలంలో రోజుకు నాలుగుసార్లు కరెంటు పోయే ఊళ్లో, యూపీఎస్ లేని సిస్టమ్‌లో 197 దగ్గర 1 కనిపించడం వింత కాదు. అదే చోట మళ్లీ రాస్తే గుట్టు బయటపడుతుంది. 197 సున్నాకి దిగి, 5 కదలకపోతే అది కరెంటు చేసిన పని. 197 తగ్గి 5 పెరిగితే పళ్లెంలోనే లోపముంది.

మరో రెండు అంకెలు అనవసరంగా భయపెడతాయి. 199వ నంబరు డిస్కుకూ మదర్‌బోర్డుకూ మధ్య దారిలో పాడైన డేటా లెక్క. దోషి దాదాపు ఎప్పుడూ సాటా కేబులే, లేదా అది వదులుగా కూర్చోవడం. కేబుల్ మార్చినా ఆ అంకె వెనక్కి తిరగదు, ఇక పెరగకపోతే చాలు. రెండోది సీగేట్ డిస్కుల్లో 7వ నంబరు దగ్గర కనిపించే కోట్ల సంఖ్య. అది తప్పుల లెక్క కాదు. 48 బిట్లలో పై 16 తప్పులు, కింది 32 మొత్తం ఎన్నిసార్లు వెతికిందన్నది. సంఖ్య 4,294,967,296 దాటనంత వరకు తప్పులు సున్నా. ఆ కోట్లు చూసి బెదిరి మంచి డిస్కును పారేసినవాళ్లు తక్కువేమీ ఉండరు.

ఇంతా చెప్పాక, స్మార్ట్‌ను పూర్తిగా నమ్మొద్దని కూడా చెప్పాల్సిందే. 2007లో గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్కుల్ని పరిశీలించి ఫలితాలు ప్రచురించారు. తనను తాను చూసుకునే స్కాన్‌లో మొదటి తప్పు కనబడిన డిస్కు ఆ తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం మిగతావాటితో పోలిస్తే 39 రెట్లు ఎక్కువ. అదే పరిశీలనలో పోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా, గట్టి సంకేతాలుగా ఎంచిన నాలుగు అంకెల్లో ఒక్కటీ చూపకుండానే పోయాయి. బ్యాక్‌బ్లేజ్ అనే నిల్వ సంస్థ 2016లో ఇచ్చిన లెక్క దీనికన్నా కాస్త నయం: పోయినవాటిలో 76.7 శాతం ముందే ఏదో ఒక అంకెలో సూచన ఇచ్చాయి. అంటే చిట్టా చెడుగా ఉంటే నమ్మండి, బాగుంటే సగమే నమ్మండి.

అనుమానం బలపడింది. ఇప్పుడు కాపీ. కావాల్సింది పిల్లల ఫొటోలూ ఆఫీసు కాగితాలూ కలిపి ఇరవై గిగాబైట్లే అయితే, డిస్కు ఇంకా బాగానే తెరుచుకుంటుంటే, ముందు వాటినే వేరే డిస్కుకు లాగేయండి. సినిమాలు తర్వాత. ఫైళ్లు మధ్యలో ఆగిపోతుంటే ఆ పద్ధతి మానేసి మొత్తం డిస్కును సెక్టార్ సెక్టార్‌గా దించుకోవాలి. దీనికి లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌ని మించింది లేదు. బాగున్న భాగాలన్నీ ముందు చకచకా లాగేసి, చిక్కుల్ని చివరికి వదిలేయడం దాని తెలివి. మామూలు కాపీ మొదటి గోతిలోనే పడి అక్కడే కొట్టుకుంటుంది.

పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ బూట్ చేయండి. జబ్బు డిస్కుకు సమానమో ఎక్కువో సైజున్న మంచి డిస్కు జత చేయండి. ఏది మూలం, ఏది గమ్యం అన్నది పేరుతో కాక సీరియల్ నంబరుతో రెండుసార్లు సరిచూడండి. ఇక్కడ తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి మీ ఫొటోల మీద పడుతుంది. జబ్బు డిస్కును మౌంట్ చేయకండి, అంటే అందులోని ఫోల్డర్లను లినక్స్‌లో తెరవకండి. ఎక్కడిదాకా వచ్చిందో రాసుకునే మ్యాప్ ఫైల్‌ను మంచి డిస్కులోనే పెట్టండి. పెన్‌డ్రైవ్ లినక్స్‌లో పెడితే కరెంటు పోయినప్పుడు అదీ పోతుంది. మొదటి విడతలో పాడైన చోట్లను ఒక్కో సెక్టార్‌గా గీకి తీసే దశ వద్దని డీడీరెస్క్యూకి చెప్పండి, అది ముగిశాక మూడు సార్లు మళ్లీ ప్రయత్నించమనండి. బాగున్న ఒక టెరాబైట్ సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున మూడు గంటల లోపే వచ్చేస్తుంది. చివరి కొన్ని మెగాబైట్లకు రెండు రోజులు పట్టినా ఆశ్చర్యం లేదు. చాలా డిస్కులకు పరిమితి 60 డిగ్రీలే కాబట్టి బల్ల ఫ్యాన్ దాని వైపు తిప్పండి. మధ్యలో టక్ టక్ మొదలైతే ఆపేయండి.

ఈ పని ముగిసేదాకా ముట్టుకోకూడనిది విండోస్‌లోని చెక్‌డిస్క్. అది సరిచేసేది ఫైళ్ల పట్టికనే గానీ డిస్కును కాదు. చదవలేని చోట పట్టికను తనకు తోచినట్టు తిరగరాసి, మీ ఫైళ్లను పేర్లు లేని ముక్కలుగా ఒక మూల ఫోల్డర్‌లో పడేస్తుంది. ‘ఈ డిస్కును ఫార్మాట్ చేయాలా’ అని విండోస్ అడిగితే వద్దనండి. ఫ్రిజ్‌లో పెట్టి తీయడమన్న చిట్కా కూడా వద్దు, చల్లటి డిస్కు బయటికి రాగానే లోపల తేమ పడుతుంది. అడుగునున్న సర్క్యూట్ బోర్డు మార్చేయడం ఒకప్పుడు పనిచేసేది. ఇప్పుడు ఆ బోర్డు మీది చిన్న చిప్‌లో ఆ ఒక్క డిస్కుకే సరిపోయే సర్దుబాట్లు ఉంటాయి. దాన్ని కూడా తీసి కొత్త బోర్డుకు అతికించకపోతే లాభం లేదు.

కాపీ చేతికొచ్చాక పరీక్షలు మీ ఇష్టం. డిస్కు సొంతంగా చేసుకునే చిన్న పరీక్ష రెండు నిమిషాలు. పెద్దది మొత్తం పళ్లేన్ని చదువుతుంది, టెరాబైట్‌కు రెండు మూడు గంటలు పడుతుంది. ఆ తర్వాత క్విక్ కాకుండా పూర్తి ఫార్మాట్ చేస్తే విండోస్ ప్రతి సెక్టార్‌లోనూ సున్నాలు రాస్తుంది. మళ్లీ చిట్టా చూడండి. 197 సున్నా, 5 కదల్లేదు, పెద్ద పరీక్ష నెగ్గింది అంటే సినిమాలు దాచుకోవడానికి పనికొస్తుంది. 5 పెరిగితే వారంటీ చూసుకోవడమే. తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో దాచే ఎస్‌ఎస్‌డీలకు ఈ కథంతా వర్తించదు. చప్పుడుండదు, హెచ్చరిక తక్కువ, ఒక ఉదయం సిస్టమ్‌కు కనిపించడమే మానేయవచ్చు. వాటి విషయంలో నకలు ముందే ఉండాలి.

వారంటీలో కంపెనీ మీ డిస్కు తీసుకుని వేరే డిస్కు ఇస్తుంది, అందులోని డేటా కాదు. పంపేముందు సున్నాలు రాయగలిగితే సరే. అసలు తెరుచుకోని డిస్కులో ఆధార్, పాన్, బ్యాంకు కాగితాల స్కాన్లు ఉంటే వారంటీ వదులుకుని డిస్కును ఇంట్లోనే నాశనం చేయడం మేలు. 3.5 అంగుళాల డిస్కు పళ్లేలు చాలావరకు అల్యూమినియం, డ్రిల్లుతో రెండు మూడు చోట్ల చిల్లులు పెడితే సరిపోతుంది. ల్యాప్‌టాప్ డిస్కువి సాధారణంగా గాజు. సుత్తి దెబ్బకు పెంకుల్లా ఎగురుతాయి, కాబట్టి గోనెసంచిలో చుట్టి, కళ్లకు అద్దాలు పెట్టుకుని కొట్టండి.