ఇమిగ్రేషన్ క్యూ దాటడానికి డబ్బు కట్టాలా? ఆ ప్రశ్న వెనుక చరిత్ర

శంషాబాద్ నుంచి విదేశాలకు వెళ్లే విమానాల్లో చాలా భాగం అర్ధరాత్రికీ తెల్లవారుజాముకూ మధ్య బయల్దేరతాయి. గల్ఫ్‌కు వెళ్లే కార్మికులు, సెమిస్టర్ మొదలయ్యే వేళకు అమెరికా చేరాల్సిన విద్యార్థులు, కూతురి పురుడుకో కొడుకు గృహప్రవేశానికో బయల్దేరిన తల్లిదండ్రులు అందరూ ఆ కొద్ది గంటల్లోనే ఇమిగ్రేషన్ హాల్లోకి చేరతారు. రుసుము చెల్లిస్తే వెంట మనిషిని ఇచ్చి, వీలున్నచోట ప్రత్యేక వరుసలో తీసుకువెళ్లి, త్వరగా దాటిస్తామనే మీట్ అండ్ గ్రీట్ సేవలు మన నగరంలోనూ, మనవాళ్లు దిగే దుబాయ్ వంటి చోట్లా దొరుకుతున్నాయి. దానికి డబ్బు పెట్టడం అవసరమా, దండగా అన్నది ప్రయాణం ఖాయమైన ప్రతి ఇంట్లోనూ వచ్చే చర్చే. ఆ క్యూ ఎలా పుట్టిందో, దాన్ని తగ్గించే పని ఎవరి చేతిలో ఉందో తెలిస్తే జవాబు చెప్పుకోవడం తేలికవుతుంది.

పాస్‌పోర్టు లేనిదే దేశంలోకి రానివ్వకూడదన్న నిబంధన మన దగ్గర మొదటి ప్రపంచ యుద్ధం తరువాత, 1920 నాటి చట్టంతో స్థిరపడింది. దేశం దాటి వెళ్లడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 1967లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో తీర్పు చెప్పిన తరువాతే, ఎవరికి పాస్‌పోర్టు ఇవ్వాలి, ఎవరికి నిరాకరించవచ్చు అన్న విషయాలు అదే ఏడాది పాస్‌పోర్టుల చట్టంగా రూపుదిద్దుకున్నాయి. కేంద్ర హోంశాఖ కింద పనిచేసే బ్యూరో ఆఫ్ ఇమిగ్రేషన్ 1971లో ఏర్పడింది. కౌంటర్ వెనుక కూర్చునే అధికారి ఆ వ్యవస్థకు చెందినవారు. విమానాశ్రయ సంస్థతోగాని, విమాన సంస్థతోగాని ఆయనకు ఉద్యోగ సంబంధం లేదు.

ఈ చిన్న వివరమే మొత్తం వ్యవహారానికి కీలకం. 2008 మార్చిలో బేగంపేట నుంచి పౌర విమానాలు శంషాబాద్‌కు తరలినప్పుడు, కొత్త విమానాశ్రయాన్ని కట్టి నడిపే బాధ్యత జీఎంఆర్ నాయకత్వంలోని సంస్థకు దక్కింది. అందులో విమానాశ్రయాల ప్రాధికార సంస్థకూ, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ చెరి 13 శాతం వాటా ఉండేది. అప్పటి నుంచి హాలు ఎంత పెద్దదిగా ఉండాలి, ఎన్ని కౌంటర్లకు చోటు ఉండాలి అన్నది ఒకరి పని అయింది. ఆ కౌంటర్లలో ఏ వేళకు ఎంతమంది అధికారులు కూర్చోవాలన్నది ఇంకొకరి పని అయింది. కౌంటర్లు ఎన్ని ఉన్నా అధికారులు చాలకపోతే క్యూ కదలదు, అధికారులు ఉన్నా హాలు ఇరుకైతే క్యూ బయటికి పాకుతుంది. కాబట్టి విమానాశ్రయం పక్షాన ఎవరు ఏ సేవ అమ్మినా, వారు మిమ్మల్ని ఒక వరుస నుంచి మరో వరుసకు మార్చగలరేగాని, అధికారి అడగదలచుకున్న ప్రశ్నను ఒక్కటి కూడా తగ్గించలేరు. మీరు కట్టే సొమ్ము వరుసలో చోటుకే చెల్లుతుంది. ఇది తెలియక, డబ్బు కట్టాం గనుక పరిశీలన కూడా తేలిగ్గా జరిగిపోతుందనుకునేవారు చాలామంది ఉన్నారు.

మన దేశంలో క్యూ నిజంగా తగ్గిన సందర్భాలను చూస్తే, అవి ప్రభుత్వం తన పనిని తగ్గించుకున్నప్పుడు వచ్చినవే. విదేశం నుంచి తిరిగి వచ్చే భారతీయులు ఇమిగ్రేషన్ కౌంటర్లో ఇవ్వడానికి తమ వివరాలతో కార్డు నింపాల్సిన అవసరం 2014లో పోయింది. వెళ్లేటప్పుడు నింపే కార్డు 2017 జూలై 1 నుంచి రద్దయింది. పెన్ను కోసం పక్కవారిని అడగడం, ఇంగ్లిషు రాని పెద్దవారు తమ కార్డు నింపిపెట్టమని ముక్కూ మొహం తెలియనివారిని బతిమాలుకోవడం, తప్పు పడితే మళ్లీ వెనక్కి వెళ్లి కొత్తది తెచ్చుకోవడం అన్నీ ఆ కార్డుతోపాటే పోయాయి. ఇందుకు ప్రయాణికుడు ఒక్క రూపాయి కూడా కట్టలేదు.

ముందుగా నమోదైనవారిని వేరే దారిలో పంపే ఆలోచన విదేశాల్లో ఇంకా ముందే మొదలైంది. అమెరికాలో 1993లో ఇన్‌స్పాస్ అనే పథకం కింద, తరచూ ప్రయాణించేవారి అరచేతి కొలతలను యంత్రంతో సరిచూసి లోపలికి పంపేవారు. ఆమ్‌స్టర్‌డ్యామ్‌లోని స్కిపోల్ విమానాశ్రయంలో 2001లో ప్రివియం వచ్చింది. ఏటా చందా కట్టినవారు కనుపాప గుర్తింపుతో సరిహద్దు దాటేవారు. మనవాళ్లకు బాగా తెలిసిన దుబాయ్‌లో 2002లో ఈ-గేట్ కార్డు వచ్చింది. అదే కాలంలో, 2001 సెప్టెంబరు దాడుల తరువాత, తనిఖీలు అన్నిచోట్లా కఠినమయ్యాయి. 2004 నుంచి అమెరికా విదేశీయుల వేలిముద్రలు, ఫొటోలు తీసుకోవడం మొదలుపెట్టడంతో ఒక్కో మనిషికి పట్టే సమయం పెరిగింది. 2008లో ఆ దేశం ప్రారంభించిన గ్లోబల్ ఎంట్రీ ఈ ఒత్తిడికి వచ్చిన జవాబే: ముందే విచారణ జరిపి, ఇంటర్వ్యూ చేసి, ప్రమాదం లేదని తేలినవారిని యంత్రం దగ్గరికి పంపితే అధికారులు మిగతావారిపై దృష్టి పెట్టవచ్చు. భారత పౌరులకు ఇందులో 2017 జూలై నుంచి చోటు దొరికింది. రుసుము మొదట 100 డాలర్లు ఉండగా 2024 అక్టోబరు నుంచి 120 డాలర్లు అయింది. సభ్యత్వం ఐదేళ్లు చెల్లుతుంది.

ఇక్కడ రెండు రకాల చెల్లింపులను వేరుచేసి చూడాలి. గ్లోబల్ ఎంట్రీకి కట్టేది ప్రభుత్వానికి, తనను పరిశీలించి నమ్మకస్తుడిగా నమోదు చేసుకున్నందుకు. మీట్ అండ్ గ్రీట్‌కు కట్టేది ప్రైవేటు సంస్థకు, ఆ ఒక్క ప్రయాణానికి. ఒకదాని ఫలితం ఐదేళ్లు నిలుస్తుంది, రెండోదాని ఫలితం ఆ రాత్రితోనే సరి.

మన దేశం ఈ దారి పట్టింది 2024లో. ఆ ఏడాది జూన్ 22న ఢిల్లీలో ప్రారంభమైన ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్ - ట్రస్టెడ్ ట్రావెలర్ ప్రోగ్రామ్, 2025 జనవరి 16న హైదరాబాద్‌తోపాటు ముంబై, చెన్నై, కోల్‌కతా, బెంగళూరు, కొచ్చి, అహ్మదాబాద్ విమానాశ్రయాలకు విస్తరించింది. భారత పౌరులకూ, ఓసీఐ కార్డు ఉన్నవారికీ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చే కార్డు ఇది) ఈ పథకం ఉచితం. హోంశాఖ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకుని, ఆమోదం వచ్చాక విమానాశ్రయంలోగాని, విదేశీయుల నమోదు చూసే ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ కార్యాలయంలోగాని బయోమెట్రిక్ వివరాలు (వేలిముద్రలు, ముఖం ఫొటో) ఇవ్వాలి. దరఖాస్తు నాటికి పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. నమోదు ఐదేళ్లపాటుగాని, పాస్‌పోర్టు గడువు ముగిసేదాకాగాని, ఏది ముందైతే అప్పటివరకు చెల్లుతుంది. యంత్రంతో తెరుచుకునే ఈ-గేటు దగ్గర పని చాలా తేలిక: విమాన సంస్థ ఇచ్చిన బోర్డింగ్ పాస్‌ను స్కాన్ చేయాలి, పాస్‌పోర్టును స్కాన్ చేయాలి, యంత్రం మనిషిని బయోమెట్రిక్స్‌తో సరిచూసుకోవాలి. అన్నీ సరిపోతే గేటు తెరుచుకుంటుంది, ఇమిగ్రేషన్ అనుమతి దొరికినట్టే.

ఇంత సౌకర్యం ఉచితంగా ఉండగా, శంషాబాద్‌లో కేవలం ఇమిగ్రేషన్ క్యూ కోసం డబ్బు కట్టడం దండగ అని నేను నిస్సంకోచంగా చెబుతాను. పైగా బయల్దేరేటప్పుడు ఆలస్యమయ్యేది ఇమిగ్రేషన్ దగ్గరే అనుకోవడానికి లేదు. చెక్-ఇన్ దగ్గర పెట్టెల బరువు ఎక్కువై, అక్కడే నేలమీద పెట్టె విప్పి పచ్చడి సీసాలు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి సర్దుకునే కుటుంబాలు తమకూ, వెనకవారికీ ఎంత సమయం ఖర్చు చేస్తాయో అందరికీ తెలిసిందే. భద్రతా తనిఖీ మరో క్యూ. మూడింటిలో ఒక్కదాన్ని కొనుక్కుంటే మిగతా రెండూ అలాగే ఉంటాయి. ముఖం గుర్తింపుతో విమానాశ్రయంలోకి పంపే డిజియాత్రలో నమోదయ్యాం గదా అని ధీమాగా ఉండేవారూ ఉన్నారు. అది దేశీయ ప్రయాణాలకు సంబంధించినది, ఇమిగ్రేషన్‌తో దానికి సంబంధం లేదు.

అయితే మీట్ అండ్ గ్రీట్‌ను పూర్తిగా కొట్టిపారేయలేం. ఒంటరిగా వెళ్తున్న డెబ్బై ఏళ్ల తల్లికి, తెలుగు తప్ప మరో భాష రానివారికి, చంకలో పసిబిడ్డతో వెళ్లే ఇల్లాలికి వెంట ఒక మనిషి ఉండటం విలువైనదే. అక్కడ కొనేది ధైర్యం, దారి చూపే చెయ్యి. ఆ లెక్కన చూసి కట్టుకోవాలిగాని, నిమిషాల లెక్కన కాదు. దారిలో మరో విమానం అందుకోవడానికి వ్యవధి బాగా తక్కువగా ఉన్న సందర్భాలకూ ఇదే వర్తిస్తుంది.

గ్లోబల్ ఎంట్రీ సంగతి వేరు. అమెరికాలో ఉద్యోగం చేస్తూ ఏటా ఇంటికి వచ్చిపోయేవారికి ఏడాదికి 24 డాలర్లు పెద్ద మొత్తం కాదు. అమెరికా లోపలి ప్రయాణాల్లో తేలికపాటి భద్రతా తనిఖీకి వీలిచ్చే టీఎస్‌ఏ ప్రీచెక్ కూడా అందులోనే కలిసి వస్తుంది. ఐదేళ్లలో ఒకటి రెండుసార్లు పిల్లలను చూసిరావడానికి వెళ్లే తల్లిదండ్రులకు మాత్రం పాస్‌పోర్టు సేవ ద్వారా జరిగే పోలీసు విచారణ, ఆపైన ఇంటర్వ్యూ, ఈ శ్రమకు తగిన ఫలితం దక్కదు. కొడుక్కి సభ్యత్వం ఉంటే వెంట ఉన్న తల్లికీ వర్తిస్తుందనుకోవడమూ పొరపాటే. ఎవరి సభ్యత్వం వారికే. అబుదాబి మీదుగా వెళ్లేవారికి 2014 నుంచి అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే పూర్తవుతోంది గనుక, అమెరికాలో దిగాక దేశీయ ప్రయాణికుల్లా నేరుగా బయటికి నడవవచ్చు. టికెట్టు కొనేటప్పుడే చూసుకోవాల్సిన సంగతి ఇది.

ఈ చర్చలో ఎవరూ తలవని ప్రయాణికులు కొందరు ఉన్నారు. పదో తరగతి పూర్తికాని వారి పాస్‌పోర్టులపై సాధారణంగా ఈసీఆర్ (వలస వెళ్లడానికి అనుమతి అవసరం) అనే ముద్ర ఉంటుంది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం, గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లాలంటే వారు ముందే అనుమతి తీసుకోవాలి. విమానాశ్రయంలో ఆ అనుమతిని మళ్లీ సరిచూస్తారు. దళారుల మోసాల నుంచి కాపాడటానికి పెట్టిన ఈ నిబంధన అవసరమైనదే. కాని దాని భారమంతా జగిత్యాల నుంచో, కామారెడ్డి నుంచో బస్సెక్కి వచ్చిన మనిషి క్యూలో నిలబడి మోస్తున్నాడు. ఆయనకు రుసుము కట్టే స్తోమత ఉండదు, పోర్టల్‌లో దరఖాస్తు నింపిపెట్టేవారూ ఉండరు. ఈ-గేట్ల వల్ల మామూలు కౌంటర్ల దగ్గర ఖాళీ అయ్యే అధికారులను అర్ధరాత్రి వేళ ఈసీఆర్ పరిశీలనకు కేటాయించాలి. పాస్‌పోర్టు ఇచ్చేటప్పుడు నిజామాబాద్, కరీంనగర్ సేవా కేంద్రాల్లో ఎలాగూ వేలిముద్రలు, ఫొటో తీసుకుంటున్నారు. అర్హత ఉన్నవారికి ఈ-గేటు నమోదు కూడా అదే రోజు, అదే కుర్చీలో పూర్తిచేసే ఏర్పాటు కావాలి.