గిన్నెలో చీటీ, మ్యాప్ మీద గీత: అమెరికా ప్రీసింక్ట్ సరిహద్దుల వెనక కథ

2018 జనవరి 4. వర్జీనియా రాజధాని రిచ్‌మండ్‌లో రాష్ట్ర ఎన్నికల బోర్డు కూర్చుంది. బల్ల మీద ఒక పింగాణీ గిన్నె, అందులో రెండు చిన్న డబ్బాలు. పాత కెమెరాల్లో వాడే ఫిల్మ్ రోళ్లు వచ్చేవే, ఆ డబ్బాలు. ఒక దాంట్లో రిపబ్లికన్ అభ్యర్థి డేవిడ్ యాన్సీ పేరున్న చీటీ, ఇంకో దాంట్లో డెమొక్రాట్ అభ్యర్థి షెల్లీ సైమండ్స్ పేరున్న చీటీ. అంతకు ముందు నవంబర్‌లో జరిగిన ఎన్నికలో రాష్ట్ర ప్రతినిధుల సభ 94వ నియోజకవర్గంలో ఇద్దరికీ సరిగ్గా 11,608 ఓట్లే వచ్చాయని తేలింది. రీకౌంటింగ్‌లో సైమండ్స్ ఒక్క ఓటుతో గెలిచినట్టు లెక్క వచ్చింది. మర్నాడు వివాదంలో ఉన్న ఒక బ్యాలెట్‌ను జడ్జీలు యాన్సీ ఖాతాలో వేయడంతో మళ్లీ సమానమైంది. చీటీ తీశారు. యాన్సీ పేరొచ్చింది. 100 సీట్ల సభలో రిపబ్లికన్ల బలం 51 దగ్గర నిలబడింది.

లాటరీతో సభ ఎవరిదో తేలిందన్న వార్త ప్రపంచమంతా తిరిగింది. ఆ మే నెలలో వాషింగ్టన్ పోస్ట్ రాసిన వార్త మాత్రం అంతగా తిరగలేదు. న్యూపోర్ట్ న్యూస్ నగరంలో 94వ నియోజకవర్గంలో ఉండాల్సిన 26 మంది ఓటర్లను పొరపాటున పక్క నియోజకవర్గంలో చేర్చారని, వాళ్లు అక్కడే ఓటేశారని ఆ పత్రిక లెక్క తీసింది. వాళ్లున్నది నల్లజాతి ఓటర్లు ఎక్కువగా ఉన్న, డెమొక్రాట్లకు గట్టి పట్టున్న ప్రీసింక్ట్ (ఒక పోలింగ్ కేంద్రం పరిధి). ఓటు రహస్యం కాబట్టి ఆ 26 మంది ఎవరికి వేసేవారో ఎవరూ చెప్పలేరు. కానీ ఒక్క ఓటు కూడా తేడా లేని చోట 26 అంటే ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ రిగ్గింగ్ లేదు, మెషీన్ తప్పూ లేదు. మ్యాప్ మీది గీత ఒక చోట ఉంది, ఆఫీసులోని వీధుల జాబితా ఇంకో మాట చెప్పింది. ఒకే ప్రీసింక్ట్ రెండు నియోజకవర్గాల మధ్య చీలి ఉండటమే దీనికి మూలం.

ప్రీసింక్ట్ అంటే మన పోలింగ్ బూత్ పరిధి లాంటిది. ఫలానా వీధుల వాళ్లంతా ఫలానా చోట ఓటేయాలని చెప్పే అతి చిన్న ముక్క. వర్జీనియాలో ప్రీసింక్ట్ నుంచి చట్టసభకు ఎవరూ ఎన్నిక కారు. అందుకే నియోజకవర్గాల పునర్విభజన మీద జరిగినంత గొడవ ప్రీసింక్టుల మీద జరగదు. కౌంటీ (మన జిల్లా లాంటిది) బోర్డు మీటింగులో అజెండా చివర్న ఎక్కడో వస్తుంది, వినేవాళ్లు పది మంది కూడా ఉండరు.

కానీ ఒక ఓటరు చేతికి వచ్చే బ్యాలెట్‌లో అమెరికా కాంగ్రెస్ సీటు, రాష్ట్ర సెనేట్ సీటు, ప్రతినిధుల సభ సీటు, కౌంటీ సూపర్‌వైజర్ సీటు అన్నీ ఉండొచ్చు. ఒక్కోదానికి ఒక్కో సరిహద్దు. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పరిచిన పలచటి కాగితాల్లాంటివి. ప్రీసింక్ట్ వీటన్నిటి కింద ఉంటుంది. పై కాగితాల్లో ఏది జరిగినా కిందిది కూడా సర్దుకోవాలి. సర్దకపోతే ఒకే పోలింగ్ కేంద్రంలో రెండు మూడు రకాల బ్యాలెట్లు పెట్టుకుని, వచ్చిన మనిషి అడ్రస్ చూసి ఏది ఇవ్వాలో తేల్చాలి.

ఆ తేల్చే పని ఎలా జరుగుతుందంటే, ఓటర్ల నమోదు చూసే రిజిస్ట్రార్ ఆఫీసులో ప్రతి వీధినీ ముక్కలు చేసి ఒక జాబితా రాసుకుంటారు. 100 నుంచి 198 దాకా సరిసంఖ్య ఇళ్లు ఒక వరుస, 101 నుంచి 199 దాకా బేసిసంఖ్య ఇళ్లు మరో వరుస. ఒక్కో వరుస పక్కన నియోజకవర్గాల నంబర్లు. గీత వీధి మధ్యలోంచి పోతే సరిసంఖ్యల వాళ్లది ఒక సీటు, ఎదురింటి వాళ్లది ఇంకో సీటు. ఆ వరుసలో ఒక్క అంకె తప్పు పడితే ఆ ముక్కలో ఉన్న ఇళ్లన్నీ పక్క నియోజకవర్గానికి పోతాయి. ఓటరు వెళ్లాల్సిన చోటికే వెళతాడు, క్యూలో నిలబడతాడు, ఐడీ చూపిస్తాడు. చేతికొచ్చే బ్యాలెట్ మాత్రం తప్పు. అభ్యర్థుల పేర్లు గుర్తుంటే తప్ప అతనికి అనుమానమే రాదు.

అదే 2017 ఎన్నికలో ఫ్రెడరిక్స్‌బర్గ్, స్టాఫర్డ్ ప్రాంతాల్లోని 28వ నియోజకవర్గంలో ఇంతకంటే పెద్ద తప్పే జరిగింది. 147 మందికి తప్పు బ్యాలెట్ అందింది. రీకౌంటింగ్ తర్వాత గెలుపు తేడా 73 ఓట్లు. కోర్టుకెక్కినా మళ్లీ ఎన్నిక జరగలేదు.

అసలు ఈ గీతలు ఇన్నిసార్లు ఎందుకు కదులుతాయి? ఒకప్పుడు కదిలేవే కాదు, గొడవంతా అక్కడే మొదలైంది.

వలస పాలన నాటి వర్జీనియాలో ఓటేయాలంటే కౌంటీ కోర్టుకు పోయి, అందరూ వింటుండగా అభ్యర్థి పేరు నోటితో చెప్పాలి. జనం పెరిగి, కోర్టు దాకా రావడం కష్టమై, ఓటేసే చోట్లు ఎక్కువయ్యాయి. పదేళ్లకోసారి జనగణన జరగాలని, దాన్ని బట్టి రాష్ట్రాలకు సీట్లు పంచాలని రాజ్యాంగం చెప్పింది, 1790లో మొదటి లెక్క జరిగింది. అయితే రాష్ట్రం లోపల గీతలు కదిలించడానికి చాలా చోట్ల ఎవరికీ తొందర లేదు. జనం పల్లెల నుంచి పట్నాలకు పోతున్నా, సీట్లు పల్లెల్లోనే ఉంటే అక్కడి నాయకులకు హాయి. టెనెసీ 1901 తర్వాత అరవై ఏళ్ల పాటు చట్టసభ నియోజకవర్గాలను ముట్టుకోలేదు.

కోర్టులు కూడా చాలాకాలం తప్పించుకున్నాయి. 1946లో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్ ఇదొక రాజకీయ ముళ్లపొద, న్యాయస్థానాలు ఇందులోకి దిగకూడదని రాశారు. తమాషా ఏంటంటే, పద్నాలుగేళ్ల తర్వాత గీతల విషయంలో పెద్ద తీర్పొకటి ఆయన చేతి మీదుగానే వచ్చింది. అలబామాలోని టస్కీగీ పట్టణం చతురస్రంగా ఉండేది. 1957లో రాష్ట్ర చట్టసభ ఆ సరిహద్దును 28 భుజాల వింత ఆకారంగా మార్చింది. సుమారు 400 మంది నల్లజాతి ఓటర్లలో నలుగురైదుగురు తప్ప అందరూ ఊరి బయట పడ్డారు. తెల్లజాతి ఓటరు ఒక్కరూ బయటికి పోలేదు. ఇది చెల్లదని 1960లో సుప్రీంకోర్టు తేల్చింది. 1962లో టెనెసీ కేసులో, నియోజకవర్గాల గొడవలు కోర్టులు వినొచ్చని చెప్పడంతో తలుపు పూర్తిగా తెరుచుకుంది. 1964 నాటికి మనిషికో ఓటు, ప్రతి ఓటుకూ ఒకటే విలువ అన్నది కాంగ్రెస్ సీట్లకూ రాష్ట్ర చట్టసభలకూ నియమమైంది.

స్థానిక గీతల దాకా అది దిగింది మాత్రం 1968లో, టెక్సస్‌లోని మిడ్‌లాండ్ కౌంటీ కేసుతో. ఈ కేసు గురించి బయట తక్కువ మాట్లాడతారు. నా లెక్కలో ఊళ్ల స్థాయి ఎన్నికలకు దీన్ని మించిన తీర్పు లేదు. అక్కడ కౌంటీని నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్క నుంచి ఒక కమిషనర్‌ను ఎన్నుకుంటారు. ఆ ముక్కల్నీ ప్రీసింక్ట్ అనే పిలుస్తారు, ఓటేసే ప్రీసింక్ట్ వేరు. ఒకే మాట రెండు అర్థాల్లో వాడటం టెక్సస్ వాళ్లకే చెల్లింది. మిడ్‌లాండ్ పట్టణం దాదాపు మొత్తం ఒకే ముక్కలో ఉండేది. అందులో జనం 67,906. మిగతా మూడింట్లో 852, 414, 828. అంటే కౌంటీ జనంలో నూటికి 95 మందికి పైగా ఒక కమిషనర్, పల్లెల్లో ఉన్న రెండు వేల మందికి ముగ్గురు. రోడ్ల ఖర్చు దగ్గర్నుంచి పన్నుల దాకా తేల్చేది ఈ కమిషనర్లే. పల్లె రోడ్లు చూసుకోవడమే వాళ్ల ప్రధాన పని కాబట్టి ఇది సబబేనని కౌంటీ వాదించింది. కోర్టు 5-3తో ఒప్పుకోలేదు. కౌంటీ లాంటి స్థానిక ప్రభుత్వానికైనా, తన పరిధి మొత్తం మీద అధికారం ఉన్నప్పుడు, ముక్కల్లో జనాభా దగ్గర దగ్గరగా ఉండాల్సిందే అంది.

ఆ రోజు నుంచి ప్రతి జనగణన తర్వాతా కౌంటీలు, నగరాలు తమ గీతలు మళ్లీ కొలుచుకోక తప్పలేదు.

కొలవాలంటే లెక్క కావాలి కదా. జనగణన సంస్థ లెక్కించేది బ్లాకుల వారీగా. రోడ్డు, కాలవ, రైలు పట్టాలు, ఇలా కంటికి కనిపించేవి బ్లాకుకు హద్దులు. ప్రీసింక్టులేమో ఎక్కడబడితే అక్కడ గీసి ఉండేవి. కొన్ని చోట్ల పొలం గట్టు, కొన్ని చోట్ల ఎప్పుడో పోయిన హద్దు. ఏ ప్రీసింక్టులో ఎంతమంది ఉన్నారో చెప్పడం కుదిరేది కాదు. 1975 డిసెంబర్‌లో వచ్చిన పబ్లిక్ లా 94-171 దీన్ని సరిచేసే దారి వేసింది. జనగణన తేదీ నుంచి ఏడాది లోపు చిన్న ప్రాంతాల వారీ జనాభా లెక్కలను రాష్ట్రాలకు ఇవ్వాలని ఆ చట్టం చెప్పింది. ప్రతిగా రాష్ట్రాలు తమ ప్రీసింక్టులను కనిపించే హద్దుల మీదికి జరుపుకుంటే ఆ లెక్క సరిగ్గా అతుకుతుంది. వర్జీనియా చట్టం ఇప్పుడు ఆ మాటే చెబుతుంది. ప్రీసింక్ట్ హద్దు పేరున్న రోడ్డో, నదో, వాగో, నేల మీద శాశ్వతంగా కనిపించేదేదో అయ్యుండాలి. జనగణన జరుగుతున్న కాలంలో గీతలు కదపకుండా నిలిపివేత కూడా ఉంటుంది. గత విడతలో అది 2019 ఫిబ్రవరి 1 నుంచి 2021 మే 15 దాకా సాగింది.

గీత మార్చడంలో దురుద్దేశం కూడా ఉండొచ్చు కాబట్టి 1965 ఓటింగ్ హక్కుల చట్టం మరో కంచె కట్టింది. జాతి వివక్ష చరిత్ర ఉన్న రాష్ట్రాలు, కౌంటీలు ఎన్నికల్లో ఏ చిన్న మార్పు చేయాలన్నా ముందుగా ఫెడరల్ ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. వర్జీనియా కూడా ఆ జాబితాలోదే. పోలింగ్ కేంద్రం ఒక చోట నుంచి ఇంకో చోటికి మార్చడమూ ఇందులోకే వస్తుందని మిసిసిపీలోని కాంటన్ పట్టణం కేసులో 1971లో సుప్రీంకోర్టు చెప్పింది. 2013 జూన్ 25న షెల్బీ కౌంటీ తీర్పుతో ఈ కంచె పడిపోయింది. ఏయే ప్రాంతాలకు ఈ నియమం వర్తిస్తుందో తేల్చే సూత్రం పాతబడిందని కోర్టు 5-4తో కొట్టేసింది. సూత్రం లేకపోతే అనుమతి అడగాల్సిన వాళ్లే ఉండరు. 2021లో వర్జీనియా సొంతంగా ఓటింగ్ హక్కుల చట్టం చేసుకుని, ఇలాంటి మార్పులకు ముందే జనానికి తెలిపి అభిప్రాయాలు తీసుకోవాలనీ, లేదా రాష్ట్ర అటార్నీ జనరల్ దగ్గర ధ్రువీకరణ పొందాలనీ పెట్టింది.

26 మంది, 147 మంది గొడవల తర్వాత 2020లో వర్జీనియా చట్టంలో ఇంకో వాక్యం చేరింది. ప్రతి ప్రీసింక్ట్ మొత్తంగా ఒకే కాంగ్రెస్ నియోజకవర్గం, ఒకే రాష్ట్ర సెనేట్ నియోజకవర్గం, ఒకే ప్రతినిధుల సభ నియోజకవర్గం, ఒకే స్థానిక డిస్ట్రిక్ట్ లోపల ఉండాలి. చీలిక కుదరదు.

చదవడానికి బాగుంది, గీయడానికి కూర్చుంటే తలనొప్పి. ఎందుకంటే పాత నియమాలు అలాగే ఉన్నాయి. ప్రీసింక్ట్ ఏర్పాటు చేసేటప్పుడు అందులో 5,000 మంది కంటే ఎక్కువ నమోదైన ఓటర్లు ఉండకూడదు. కౌంటీలో అయితే 100కి, నగరంలో అయితే 500కి తగ్గకూడదు. అధ్యక్ష ఎన్నికలో ఒక ప్రీసింక్టులో 4,000 మందికి పైగా ఓటేస్తే రిజిస్ట్రార్ ఆ విషయం స్థానిక పాలక మండలికి చెప్పాలి, ఆ మండలి ఆరు నెలల్లో గీత సరిచేయాలి. ఇప్పుడు కాంగ్రెస్ గీత ఒక కాలనీ మూలను కోసుకుంటూ పోయిందనుకోండి. ఆ మూలలో 60 మంది ఓటర్లున్నారు. చీలిక వద్దంటే ఆ 60 మందికీ విడిగా ప్రీసింక్ట్ పెట్టాలి, పెడితే 100 నియమం తప్పుతుంది. గీతకు అవతల ఉన్న ప్రీసింక్టులో కలుపుదామంటే అది ఇంకో సెనేట్ నియోజకవర్గంలో ఉండొచ్చు. దారి లేనప్పుడు చీలిక ప్రీసింక్ట్ నడుపుకోవడానికి రాష్ట్ర ఎన్నికల బోర్డు దగ్గర మినహాయింపు అడుక్కోవాలి. అంటే చట్టం వద్దన్న చీలికను, అదే చట్టం పెట్టిన ఇంకో షరతు వెనక్కి తెస్తోంది. చట్టం చేసినవాళ్లకు ఇది తెలియక కాదు, తెలిసే మినహాయింపు పెట్టారు.

పైగా టైం ఉండదు. కోవిడ్ వల్ల 2020 జనగణన లెక్కలు ఆలస్యమై 2021 ఆగస్టు 12న గానీ రాష్ట్రాలకు అందలేదు. వర్జీనియాలో కొత్తగా పెట్టిన పునర్విభజన కమిషన్‌లో రెండు పార్టీల వాళ్లకూ పొసగలేదు. చివరికి రాష్ట్ర సుప్రీంకోర్టే మ్యాపులు గీయించి 2021 డిసెంబర్ 28న ఖరారు చేసింది. 2022 జూన్‌లో కాంగ్రెస్ ప్రైమరీలు, అంటే పార్టీలు తమ అభ్యర్థులను తేల్చుకునే ఎన్నికలు. ఆ మధ్యలో కౌంటీలన్నీ తమ ప్రీసింక్టులను కొత్త గీతల లోపలికి సర్దాలి, పత్రికలో ప్రకటనలివ్వాలి, బహిరంగ విచారణ పెట్టాలి, ఆర్డినెన్స్ (స్థానిక చట్టం) చేయాలి, పోలింగ్ కేంద్రం ప్రీసింక్ట్ లోపల లేదా దాని హద్దు నుంచి ఒక మైలు లోపు ఉండేలా బడో చర్చో వెతుక్కోవాలి, వీధుల జాబితా మొత్తం మళ్లీ కోడ్ చేయాలి. సాధారణ ఎన్నికకు 60 రోజుల ముందు నుంచి ఏ మార్పూ చేయకూడదన్న షరతు మామూలుగానే ఉంది.

కొలరాడోలోని లారిమర్ కౌంటీ 2003లో మొదలుపెట్టిన పద్ధతిలో ఈ టెన్షన్ కొంత తగ్గుతుంది. కౌంటీలో ఎవరైనా ఏ ఓటింగ్ కేంద్రానికైనా వెళ్లొచ్చు. అయితే ఏ బ్యాలెట్ ఇవ్వాలో అక్కడా అడ్రస్ చూసే తేలుస్తారు. వీధుల జాబితాలో తప్పుంటే అక్కడా తప్పే వస్తుంది.

వర్జీనియాలో ప్రీసింక్టో పోలింగ్ కేంద్రమో మారితే ఆ ఓటరుకు ఎన్నికకు కనీసం 15 రోజుల ముందు ఉత్తరం పంపాలి. చాలామంది దాన్ని ప్రకటనల కాగితాలతో కలిపి పారేస్తారు, లేదా ఏ బడికి వెళ్లాలో చూసుకుని పక్కన పెడతారు. నియోజకవర్గాల నంబర్లు రాష్ట్ర ఎన్నికల శాఖ వెబ్‌సైట్‌లో ఇంటి అడ్రస్ మీద కూడా కనిపిస్తాయి. ఓటరు చూసుకోవాల్సింది ఆ అంకెల్ని. న్యూపోర్ట్ న్యూస్‌లో ఆ 26 మంది విషయంలో తప్పు పడింది వాటిలోనే.